ఎల్లాప్రగడ సుబ్బారావు – ఆకు పేరిటి ఆమ్లము

ఆదవానిలోగాని, ఎమ్మిగనూరులోగాని ప్రభుత్వోన్నత పాఠశాలలలో చదువుకొను పిల్లలకు వారమునకొకసారి ఒక నీలిరంగు మాత్ర ఇచ్చు ఏర్పాటు కలదు. 2013లో ఈ పథకము దేశమంతట ఆరంభమైనది. మధ్యాహ్న భోజనమైన పిమ్మట ఉపాధ్యాయుని యెదుటనే ఆ మాత్రను మ్రింగవలెను. అందులో ఇనుమున్న సంగతి పిల్లలకు తెలియును. ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాములు, అనగా కేవలము అర మిల్లీగ్రాము, ఫోలిక్ ఆమ్లమను మరొక పదార్థము కూడ అందులో ఉన్నది. ఆవగింజ యెత్తుకైనను రాని ఆ పదార్థమును గూర్చి అడుగువారు అరుదు. దాని వెనుక ఒక తెలుగువాని జీవితము కలదు.

ఆ తెలుగువాడు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించినాడు. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. బాల్యములో చదువుపై ఆయనకు మనసు నిలువలేదు. పదమూడేండ్ల వయసున ఇల్లు విడిచి కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరినాడు. దారిలోనే పట్టువడినాడు. తల్లి ఆయనను వెనుకకు తెచ్చి బడిలో కూర్చుండబెట్టినది. తండ్రి గతించిన తరువాత ఆ యిల్లాలు పడిన పాట్లకు లెక్క లేదు. మెట్రిక్యులేషను పరీక్షలో సుబ్బారావు రెండుసార్లు తప్పినాడు. మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవసారి పరీక్షకు పోయి నెగ్గినాడు. తరగతిలో వెనుకబడిన పిల్లవానిని చూచి తొందరపడి తీర్పు చెప్పు ఉపాధ్యాయులు ఈ సంగతిని ఒకమారు తలచుకొనవచ్చును.

ఆ కాలమున ఆదవాని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలోనివి. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడే అవి కర్నూలు జిల్లాలో చేరినవి. అప్పటికి గోదావరి పిల్లవానికైనను, ఆదవాని పిల్లవానికైనను పెద్ద చదువునకు దారి మద్రాసుకే. సుబ్బారావు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువుచు రామకృష్ణ మఠమునకు పోవుచుండెడివాడు. సన్యాసము పుచ్చుకొనవలెనని ఆయనకు గాఢమైన కోరిక. తల్లి సమ్మతింపలేదు. తల్లి అనుమతి లేనిదే మఠమువారును చేర్చుకొనలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుమని వారు దారి చూపినారు. ఆ విధముగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరినాడు. స్నేహితులు కొంత సాయపడినారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అను సంపన్న గృహస్థు కొంత ఆదుకొన్నాడు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావునకు వివాహమైనది.

గాంధీమహాత్ముడు విదేశీ వస్త్రములను విడువుమన్న దినములవి. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు అంగీ తొడుగుకొని పోయినాడు. శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు అది కంటగింపైనది. వ్రాసిన పరీక్షలు చక్కగా వ్రాసినను, చివరకు ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే చేతికి వచ్చినది. దానితో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు.

ఈ అవమానముకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలినది. ఎనిమిది దినముల వ్యవధిలో ఆయన సోదరులిద్దరు, పురుషోత్తమును కృష్ణమూర్తియును, ఒకే వ్యాధితో మరణించినారు. ఆంగ్ల వైద్యులు దానిని ఉష్ణమండలపు స్ప్రూ అందురు. మన వైద్యులు సంగ్రహణి యని చెప్పు జాతిలోనిది. నాలుక పుండగును. తిన్నది ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. రక్తము పలుచబడును. కండ కరగి మనిషి చిక్కి శల్యమగును. ఇంటిలో అన్నమున్నను ఆకలిచావు వంటి చావది. ఆనాటి వైద్యులకు దీని కారణము తెలియదు. సుబ్బారావు తానును ఆ వ్యాధిచేతనే మంచము పట్టినాడు. ఆయుర్వేదమును ఆంగ్ల వైద్యమును రెండును నేర్చిన ఆచంట లక్ష్మీపతి ఆయనకు ఆయుర్వేద చికిత్స చేసినాడు. సుబ్బారావు బ్రతికినాడు. తరువాత ఆ ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రము బోధించు పనిలో చేరినాడు.

బ్రతికినవానికి ఒక ప్రశ్న మిగిలినది. అందరు తిన్న కూడే తిన్న సోదరుల దేహములు దానినెందుకు గ్రహింపలేకపోయినవి? ఈ ప్రశ్నకు సమాధానము భోజనములో లేదు, ఒక్క దేహములోను లేదు. దేహమునకును, దానిని ఆశ్రయించి బ్రతుకు సూక్ష్మజీవులకును నడుమ జరుగు ఇచ్చిపుచ్చుకొనుటలో ఉన్నది. అది తేలుటకు పాతికేండ్లకు పైగా పట్టినది. అందుకు కావలసిన పనిముట్లలో పెక్కింటిని సుబ్బారావు ప్రయోగశాలలే సమకూర్చినవి.

మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను 1922 అక్టోబరు చివర ఆయన బోస్టను చేరినాడు. హార్వర్డు విశ్వవిద్యాలయములోని ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరినాడు. చదువునకు సీటు దొరికినను తిండికి దారి లేదు. మద్రాసులో వైద్యపట్టము పొందినవాడు బోస్టను ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనికి కుదిరినాడు. 1924లో డిప్లొమా వచ్చినది. ఆ పిమ్మట జీవరసాయన విభాగములో సైరస్ ఫిస్కీ అను ఆచార్యుని వద్ద చేరినాడు.

1925లో ఫిస్కీ, సుబ్బారావు కలిసి రక్తములోను మూత్రములోను ఉన్న భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినారు. భాస్వరమెంత ఎక్కువయున్న ద్రావణములో నీలిరంగు అంత చిక్కనగును. రంగును చూచి తూకము చెప్పవచ్చును. నేటికిని ఈ పద్ధతి ఆ యిరువురి పేరిటనే జీవరసాయన విద్యార్థులకు పరిచితము. ఆ కొలబద్దతోనే వారు 1927లో కండరములలో ఫాస్ఫోక్రియేటినును కనుగొన్నారు. ఇంగ్లండులో ఎగ్ల్‌టన్ దంపతులు కూడ ఆ కాలముననే దానిని వేరుగా గుర్తించినారు. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వారు వేరుచేసినారు. అదే యేట జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. కండరము పనిచేయుటకు శక్తి లాక్టిక్ ఆమ్లము పుట్టుటలోనుండి వచ్చునని చెప్పి హిల్, మయర్‌హాఫ్ అనువారు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము పొందియుండినారు. ఆ సిద్ధాంతము ఈ పరిశోధనలచేత సడలినది.

ఎ.టి.పి. ఎమ్మిగనూరు చేలలోని జొన్నమొక్కకును, దానిని మేసిన గొర్రెకును, ఆ గొర్రె కడుపులోని సూక్ష్మజీవికిని, గొర్రెను కాచు మనిషికిని సమానమే. శక్తి విషయములో ప్రాణులన్నియు ఒకే నాణెమును చెలామణి చేయుచున్నవి. తరువాత ఆయన చేతిలో పడిన ఫోలిక్ ఆమ్లము సంగతి వేరు. అక్కడ మనిషికిని సూక్ష్మజీవికిని భేదమున్నది. ఆ భేదమే వైద్యమైనది.

హార్వర్డులో 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చినను స్థిరమైన పదవి రాలేదు. ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడకుండ అణగిపోయినదని, దానిని ఇతరులు మరల కనుగొనవలసివచ్చినదని, అదే ప్రయోగశాలలో చదువుకొన్న జార్జి హిచింగ్సు తరువాతి కాలమున చెప్పినాడు. హిచింగ్సు పేరు ఈ కథలో మరల వచ్చును.

బోస్టనులో ఆ దినములలో కాలేయమును గూర్చిన సంభాషణయే అంతటను. 1926లో మైనట్, మర్ఫీ అను వైద్యులు పెర్నిషస్ ఎనీమియా అను ప్రాణాంతకమైన రక్తహీనతకు రోగులచేత కాలేయము తినిపించి గుణము చూపినారు. కాలేయములో ఏ పదార్థము రక్తమును పుట్టించుచున్నది? సుబ్బారావునకు ఈ ప్రశ్న పరాయిది కాదు. స్ప్రూ రోగియొక్క రక్తములో కూడ ఎర్రకణములు సంఖ్యలో తగ్గి, ఆకారములో పెరిగి కనిపించును.

ఇదే ప్రశ్నకు బొంబాయిలో మరొక వైపునుండి జవాబు వచ్చుచుండినది. లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు అక్కడి బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలను పరీక్షించినది. గర్భవతులైన వారిలో పెద్దకణముల రక్తహీనత విశేషముగా కనబడినది. ఈస్టునుండి తీసిన సారమును తినిపింపగా వారు కోలుకొన్నారని 1931లో ఆమె ప్రకటించినది. పత్తి బేళ్ళకును జిన్నింగు మిల్లులకును పేరుపొందిన ఆదవానిలో నివసించువారు ఆ స్త్రీలను ఊహించుకొనుటకు కష్టపడ నక్కరలేదు. కాలేయములోను ఈస్టులోను ఉన్న ఆ పదార్థమేదో ఆమెకు చిక్కలేదు.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి, న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో చేరినాడు. త్వరలోనే అక్కడి పరిశోధనలన్నింటికి అధిపతియైనాడు. అక్కడ ఆ పదార్థమును వెదకు పనిలో రోగికి బదులు ఒక సూక్ష్మజీవి కూర్చున్నది. ఆ ఉపాయమును కొంచెము వివరముగా చెప్పవలెను.

పాలు తోడుకొనుటకు కారణమైన బాక్టీరియాల కుటుంబములో లాక్టోబాసిల్లస్ కేసీ అనునది ఒకటి. మనుష్యులకువలెనే దానికిని కొన్ని పదార్థములు తయారుచేసుకొను నేర్పు లేదు. అవి ఎదురుగా ఉండవలెను. ఒక గాజుగొట్టములో దానికి కావలసిన చక్కెర, లవణములు, తెలిసిన విటమినులు అన్నియు వేసి, వెదకుచున్న పదార్థము నొక్కదానిని మాత్రము మానివేయుదురు. బాక్టీరియా పెరుగదు. అందులో కాలేయసారము నొక చుక్క వేసినచో గొట్టము మబ్బుపట్టినట్లగును, పులియును. ఆ పులుపును కొలిచినచో చుక్కలో పదార్థమెంత కలదో తెలియును. రోగిమీద ఒక పరీక్షకు వారములు పట్టును, ప్రాణభయమును కలదు. బాక్టీరియామీద రెండుమూడు దినములు చాలును. కాలేయసారమును వడకట్టి, భాగములుగా విడదీసి, ప్రతి భాగమును ఈ తక్కెడలో తూచుచు పోయినచో అసలు వస్తువు దగ్గర పడును. సుబ్బారావు బలగములో స్టాక్‌స్టాడ్ అను శాస్త్రజ్ఞుడు 1943లో కాలేయమునుండి దాని స్ఫటికములను తీసినాడు. అంతకుముందే, 1941లో, టెక్సస్ విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ జాతి పదార్థమునే కొద్దిగా రాబట్టి, ఆకునకు లాటినులో ఫోలియమను పేరున్నందున, ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టియుండిరి. 1945లో సుబ్బారావు నాయకత్వమున లెడర్లే బృందము దానిని రసాయనములనుండి నిర్మించినది. 1946లో దాని నిర్మాణక్రమము లోకమునకు వెల్లడియైనది.

ఆ నిర్మాణములో ఒక ఆశ్చర్యము దాగియుండినది. ఫోలిక్ ఆమ్లము మూడు ముక్కల అతుకు. ఒక కొన టెరిడిను, మరియొక కొన గ్లుటమిక్ ఆమ్లము. నడుమనున్నది పారా అమినో బెంజోయిక్ ఆమ్లము. ఈ మూడవ పేరు విన్న వైద్యులు ఉలికిపడినారు. సల్ఫా మందులు 1935నుండి వాడుకలో ఉన్నవి. బాలింత జ్వరమును, గాయముల చీమును అవి నిలిపినవి. ఈ నడిమి ముక్కను చేర్చినచో సల్ఫా మందు పనిచేయదని 1940లో ఇంగ్లండులో వుడ్సు కనుగొన్నాడు. కారణము 1946లో స్పష్టమైనది. చాల రోగక్రిములు ఫోలిక్ ఆమ్లమును ఎదుటివారినుండి తీసుకొనజాలవు. తామే మూడు ముక్కలను కూర్చి వండుకొనవలెను. మనుష్యుడు వండుకొనజాలడు, ఆకుకూరలు, పప్పుదినుసులు, కాలేయము వంటివాటినుండి తినవలసినదే. సల్ఫా మందు నడిమి ముక్కను పోలియున్న దొంగ సరుకు. క్రిమి దానిని అసలు సరుకనుకొని పట్టుకొనును, దాని వంట చెడును. మనుష్యుని ఇంటిలో ఆ పొయ్యియే లేదు కనుక అతనికి నష్టము లేదు. రోగికిని రోగక్రిమికిని గల ఒక చిన్న జీవక్రియాభేదమే రోగికి రక్ష అయినది.

ఇక్కడ హిచింగ్సు మరల ఎదురగును. ఆయన తన సహచరులతో తయారుచేయించిన ట్రైమెథోప్రిమ్ అను మందు అదే వంటలో తరువాతి మెట్టును ఆపును. ఆ మెట్టు మనుష్యునియందును కలదు గాని, మనుష్యుని ఎంజైమునకంటె క్రిమి ఎంజైమునకు ఆ మందు ఎన్నో రెట్లు అధికముగా అంటును. సల్ఫాతో దీనిని జతచేసిన మాత్రలు నేడు ప్రతి మందుల దుకాణమునను దొరకును. హిచింగ్సునకు 1988లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఫోలిక్ ఆమ్లము దేహములో చేయు పనియేమి? కణము రెండగుటకు ముందు డి.ఎన్.ఎ. రెండింతలు కావలెను. అందులోని థైమిను అను భాగమును కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము వలయును. కనుక ఏ కణములు దినదినము విభజన చెందునో వాటికే లోటు ముందు తెలియును. ఎముకలలోని మూలుగ మొదటిది, పేగు లోపలి పొర రెండవది. గర్భస్థ శిశువు సంగతి చెప్పనక్కరలేదు. సుబ్బారావు సోదరుల కథ ఈ చోట విప్పుకొనును. స్ప్రూలో చిన్నపేగులో ఉండదగని బాక్టీరియాలు అక్కడ స్థిరపడును. పేగుపొరమీది నూలుపోగులవంటి మొలకలు పొట్టివై చదునగును. ఆహారములోని ఫోలిక్ ఆమ్లము లోనికి పోవుట తగ్గును. అది తగ్గగా పేగుపొర తన్ను తాను బాగుచేసుకొనజాలదు. బాగుపడని పేగు మరింత తక్కువగా గ్రహించును. కాలికి కట్టిన గానుగ వలె ఈ చక్రము తిరుగుచు మనిషిని నలిపివేయును.

1946లో టామ్ స్పీస్ అను అమెరికను వైద్యుడు క్యూబాలోని స్ప్రూ రోగులకు లెడర్లే ఫోలిక్ ఆమ్లము నిచ్చినాడు. నాలుక మానినది, ఆకలి పుట్టినది, రక్తము పెరిగినది. అయితే చాలమందిలో పేగు పూర్తిగా కుదుటపడుటకు ఇది యొక్కటే చాలదని తరువాతి అనుభవము చెప్పినది. లోపల కూర్చున్న బాక్టీరియాలను కూడ లేపవలెను. ఆ మందును సుబ్బారావు ప్రయోగశాలలోనే సిద్ధమైనది. పదవీవిరమణ చేసిన వృక్షశాస్త్రాచార్యుడు బెంజమిన్ డగ్గర్, డెబ్బది దాటినవాడు, లెడర్లేలో చేరి దేశదేశముల మట్టిని పరీక్షించుచుండినాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె గల ఒక సూక్ష్మజీవి దొరికినది. అది విడుచు పదార్థమునకు ఆరియోమైసిను అని పేరు. 1948లో అది వైద్యలోకమునకు వచ్చినది. టెట్రాసైక్లిను జాతికి అదియే మూలపురుషుడు.

మన దక్షిణదేశమున స్ప్రూ పల్లెలలో గుంపులుగా వ్యాపించుట కలదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1960 ప్రాంతమునుండి ఉత్తర ఆర్కాడు పల్లెలలో దానిని శ్రద్ధగా పరిశీలించినారు. నేడు ఈ వ్యాధికి నిర్ణయమైన చికిత్స ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిను, రెండును కొన్ని నెలలపాటు. ఒకటి ఆతిథేయి కణములకు తిండి పెట్టును, రెండవది పిలువని అతిథులను పంపును. ఎనిమిది దినములలో ఇద్దరు సోదరులను తీసుకొనిపోయిన వ్యాధికి మందులు రెండు, ఆ రెండును మూడవ సోదరుని ప్రయోగశాలలనుండి వచ్చినవే. ఈ రెండింటిని కలిపి ఇచ్చు చికిత్స స్థిరపడుటను ఆయన చూడలేదు.

ఫోలిక్ ఆమ్లమునకు నకలు చేయవచ్చునని సుబ్బారావు బృందము గ్రహించినది. బోస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా అను రక్తపు కాన్సరుతో చనిపోవుచున్న పిల్లలను చూచుచుండినాడు. ఫోలిక్ ఆమ్లపు జాతి మందులు ఆ కాన్సరును మరింత రెచ్చగొట్టుచున్నట్లు ఆయనకు తోచినది. మేలుచేయబోయి కీడు చేసిన ఈ ఘట్టమును దాచనక్కరలేదు. దానినుండియే ఎదురు ఆలోచన పుట్టినది. కణమును పెంచు పదార్థము కాన్సరు కణమును కూడ పెంచునేని, దాని నకలు దానిని ఆపవలెను గదా. లెడర్లే నుండి అమినోప్టెరిన్ వచ్చినది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గినది. శాశ్వతముగా కాదు. అయినను మందుచేత లుకేమియా వెనుకడుగు వేయుట అంతకుముందు ఎవరును చూడలేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని కాన్సరునకును, కీళ్ళవాతమునకును వాడబడుచున్నది.

బోదకాలు గోదావరి తీరవాసులకు చిన్ననాటినుండి తెలిసిన బాధ. దానికి కారణమైన ఫైలేరియా పురుగులపై సుబ్బారావు బృందము 1947లో హెట్రజాన్ అను మందును తెచ్చినది. డి.ఇ.సి. అను పేరుతో ఇప్పటికిని మన ప్రభుత్వము బోదకాలు ఉన్న జిల్లాలలో దానిని ఇంటింట పంచును. ఈ పురుగు దేహములో వోల్బాకియా అను బాక్టీరియా నివసించును. 2005లో ఆ బాక్టీరియా జన్యువుల పట్టిక ప్రకటితమైనప్పుడు, పురుగు తనకు తాను చేసుకొనలేని హీము, రైబోఫ్లేవిను వంటివాటిని బాక్టీరియా చేసిపెట్టుచున్నట్లు సూచన దొరికినది. మనిషిలో పురుగు, పురుగులో బాక్టీరియా. టెట్రాసైక్లిను జాతిలోని డాక్సీసైక్లినుతో ఆ బాక్టీరియాను చంపినచో పురుగు గొడ్డుపోయి మెల్లగా చచ్చును. సుబ్బారావు బ్రతికియుండగా రెండు వేరు గదులలో సాగిన పనులు ఆయన పోయిన అరువది యేండ్లకు ఒక్క పురుగు దేహములో కలిసినవి.

అన్నింటను ఆయన నెగ్గినాడని చెప్పుట అసత్యము. కాలేయములో ఆయన మొదట వెదకిన వస్తువు, పెర్నిషస్ ఎనీమియాను మాన్పు పదార్థము, చేతికి చిక్కలేదు. ఫోలిక్ ఆమ్లము ఆ రోగుల రక్తమును సరిచేసినను వారి నరములను కాపాడలేదు. కొందరిలో రక్తము బాగుపడుచుండగా నరములు చెడుచు పోయినవి. అసలు వస్తువు విటమిన్ బి-12. 1948లో అమెరికాలో మెర్కు సంస్థవారును, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థవారును దానిని వేరుచేసినారు. దానిని మొక్కలును చేయజాలవు, జంతువులును చేయజాలవు. సూక్ష్మజీవులకు మాత్రమే ఆ విద్య తెలియును. ఎమ్మిగనూరు బీళ్ళలో మేయు గొర్రెకు ఈ చింత లేదు. దాని మొదటి కడుపులోని సూక్ష్మజీవులు దానిని వండిపెట్టును, ముందుకు పోయిన చిన్నపేగు దానిని గ్రహించును. మనుష్యుని పెద్దపేగులో కూడ బాక్టీరియాలు దానిని చేయును గాని, గ్రహించు చోటు పైనను, వంటిల్లు క్రిందను ఉండుటచేత ఆ వంట మనకు చాలవరకు అక్కరకు రాదు.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించినాడు. వయసు 53. ఆరియోమైసిను లోకమునకు వచ్చి కొన్ని వారములే అయినది. అమెరికాలో ఇరువదియారేండ్లుండియు ఆ దేశపు పౌరుడు కాలేదు. మరల స్వదేశమునకు రాలేదు. 1922లో ఓడయెక్కిన భర్తను శేషగిరి మరల చూడలేదు. తల్లి కోరిక మన్నించి సన్యాసము మానినవాడు సంసారమును కూడ చేయలేదు. ఇందులో ఆయన భార్య చెల్లించిన మూల్యమును గూర్చి జీవితచరిత్రలు మాటాడినది తక్కువ. ఆయన తన పేరుమీద పేటెంటులు గాని, సభలలో సన్మానములు గాని కోరలేదు. బృందములోనివారి పేర్లు ముందుకు రానిచ్చి తాను వెనుక నిలిచినాడు. నోబెల్ బహుమానము రాలేదు. భారత ప్రభుత్వము ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలా బిళ్ళ వెలువరించినది.

అంతకు చాలముందే, 1953లో, హెసెల్టైన్ అను శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు క్రొత్తగా కనుగొన్న ఒక బూజు జాతికి పేరు పెట్టవలసివచ్చినది. ఆయన దానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టినాడు.